చుక్క నీరు పోయకుండా స్ట్రాబెర్రీ ప్యూరీ

సంక్రాంతి దగ్గరపడే వేళకు హైదరాబాద్‌లో పండ్ల బండ్ల మీద స్ట్రాబెర్రీ డబ్బాలు వరుసగా కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం మహారాష్ట్రలోని సతారా జిల్లా నుంచి, మహాబలేశ్వర్, పంచగని కొండల మీది తోటల నుంచి వస్తాయి. మహాబలేశ్వర్ స్ట్రాబెర్రీకి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మన మన్యంలోనూ, చింతపల్లి మండలం లంబసింగి చలికి ఈ పంట పండుతోంది. చలికాలంలో అక్కడికి వెళ్లినవాళ్లు తోట దగ్గరే కొనుక్కోవచ్చు. డిసెంబరు నుంచి మార్చి దాకా కాయ బాగుంటుంది, ఆ తర్వాత ఎండలు ముదిరేకొద్దీ తగ్గిపోతుంది. ఈ మూడు నాలుగు నెలల్లో నాలుగైదు డబ్బాలు ప్యూరీ చేసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే, మే నెల ఎండలో పిల్లలు మిల్క్‌షేక్ అడిగినప్పుడు సీసాలోని చిక్కటి చక్కెర పాకం మీద ఆధారపడక్కర్లేదు.

ప్యూరీ అంటే పండును మెత్తగా రుబ్బి, కావాలంటే వడకట్టిన గుజ్జు, అంతే. మిక్సీ తిరిగేది అరనిమిషం కూడా ఉండదు. రుచి బాగుండటమా, పాడవటమా అన్నది మిక్సీ మీట నొక్కకముందే తేలిపోతుంది. అందుకే కొనడం, కడగడం, చక్కెరలో నాననివ్వడం గురించే ఎక్కువ చెబుతాను.

ముందు కొనడం. స్ట్రాబెర్రీ కోసిన తర్వాత పండదు. అరటి, మామిడి, సపోటాలను ఇంటికి తెచ్చి మాగబెట్టినట్టు దీన్ని మాగబెట్టలేం. రెండు రోజులు ఉంచితే మెత్తబడుతుంది, రంగు కాస్త ముదురుతుంది, కానీ తీపి పెరగదు. తోటలో ఎంత పండితే అంతే. కాబట్టి తొడిమ దగ్గర దాకా ఎర్రబడిన పండ్లున్న డబ్బా ఎంచుకోండి. భుజాల దగ్గర తెల్లగా ఉన్నవి పుల్లగా, చప్పగా ఉంటాయి. పెద్ద కాయలు చూసి మురిసిపోవద్దు, పరిమాణానికీ రుచికీ పొత్తు లేదు. డబ్బా చిల్లుల దగ్గర ముక్కు పెట్టి చూడండి. మంచి పండు వాసన డబ్బా దాటి వస్తుంది. ఆ తర్వాత డబ్బాను పైకెత్తి అడుగు చూడండి. పైవరుస ఎప్పుడూ అందంగానే ఉంటుంది, నలిగినవీ రసం కారినవీ బూజు పట్టినవీ కింద ఉంటాయి. ప్యూరీకి వంకర కాయలైనా, కొద్దిగా మెత్తబడినవైనా ఫరవాలేదు. బూజు మాత్రం వద్దు. ఇంటికి తెచ్చాక ఒక పండుకు బూజు కనిపిస్తే, ఆ భాగం కోసేసి మిగతాది వాడకండి. మెత్తటి పండులో బూజు కంటికి కనిపించేదానికంటే లోపలికి పాకి ఉంటుంది. మొత్తం పారేయండి. దాని పక్కన ఉన్నవి శుభ్రంగా ఉంటే కడిగి ఆ రోజే వాడేయండి.

కొలత కోసం రెండు చిన్న డబ్బాలు, అంటే సుమారు 400 గ్రాములు అనుకుందాం. దీనికి రెండు టేబుల్ స్పూన్ల పంచదార, ఒక టీస్పూన్ నిమ్మరసం, చిటికెడు కంటే తక్కువ ఉప్పు చాలు. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. వెనిల్లా, రంగు, యాలకుల పొడి లాంటివి మొదటిసారి వేయవద్దు, పండు రుచి ఎలా ఉందో ముందు తెలియనివ్వండి.

కడిగేది వాడబోయే ముందే. కడిగి ఫ్రిజ్‌లో పెడితే తడికి మర్నాటికే మెత్తబడి బూజు పడుతుంది. ఈ పండుకు ఒలిచి పారేసే తొక్క లేదు. మట్టి, మందుల అవశేషాలు పైనే ఉంటాయి, కాబట్టి కడగడంలో బద్ధకం పనికిరాదు. వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి, తొడిమలు తీయకుండానే పండ్లు వేసి, చేత్తో నెమ్మదిగా తిప్పి, ఆ నీళ్లు పారబోయండి. మళ్లీ కుళాయి ధార కింద కొద్దికొద్దిగా కడగండి. తొడిమ ముందే తీసేస్తే ఆ గుంటలోంచి నీరు లోపలికి చేరి రుచి పలచబడుతుంది, ఈ వరుస తప్పకూడదు. కావాలనుకుంటే మూడు కప్పుల నీటికి ఒక కప్పు తెల్ల వెనిగర్ కలిపి రెండు నిమిషాలు ఉంచి, మళ్లీ మంచినీళ్లతో కడగవచ్చు. గంటల తరబడి నానబెట్టడం మాత్రం వద్దు. తర్వాత పొడి గుడ్డ మీద పరిచి తడి ఆరనివ్వండి.

ఇప్పుడు తొడిమలు. చిన్న కత్తి మొనతో తొడిమ చుట్టూ ఏటవాలుగా ఒక చుట్టు తిప్పితే ఆకులతో పాటు లోపలి తెల్లటి గట్టి భాగం కూడా వచ్చేస్తుంది. అడ్డంగా తల కోసేస్తే మంచి పండు చాలా పోతుంది. తీసినవాటిని నాలుగేసి ముక్కలు చేయండి.

ముక్కల మీద పంచదార, నిమ్మరసం, ఉప్పు చల్లి ఒకసారి కలిపి ఇరవై నిమిషాలు మూతపెట్టి వదిలేయండి. ఈ ఇరవై నిమిషాలే ఈ వంటలో అసలైన పని. స్ట్రాబెర్రీలో దాదాపు తొంభై శాతం నీరే. పంచదార ఆ నీటిని ముక్కల్లోంచి బయటికి లాగుతుంది, గిన్నె అడుగున ఎర్రటి రసం చేరుతుంది. ఆ రసమే మిక్సీ బ్లేడు తిరగడానికి సరిపోతుంది. ఇక నీళ్లు పోయాల్సిన అవసరం ఏముంది? మిక్సీ తిరగడం లేదని పావు గ్లాసు నీళ్లు పోసేయడం వల్లే ప్యూరీ పలచగా, వెలిసిపోయిన రంగులో తయారవుతుంది. నిమ్మరసం రుచి కోసమే కాదు, ఎరుపు నిలవడం కోసం కూడా. ఈ పండు ఎరుపు ఆంథోసయనిన్ అనే వర్ణకం వల్ల వస్తుంది. పులుపులో అది ఎర్రగా మెరుస్తుంది, పులుపు తగ్గితే నీలం, గోధుమ ఛాయలకు దిగుతుంది. ఏడాది లోపు పసిపిల్లలకు పెట్టాలనుకుంటే పంచదార, ఉప్పు మానేయండి, వాటి బదులు తేనె కూడా కలపవద్దు. మొదటిసారి అర చెంచాతో మొదలుపెట్టి, ఒంటి మీద దద్దుర్లు ఏమైనా వస్తున్నాయేమో చూసుకోండి.

మిక్సీ విషయంలో మన ఇళ్లకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త ఉంది. చట్నీ జార్‌లో పొద్దున పచ్చిమిర్చి, వెల్లుల్లి తిరిగి ఉంటాయి. జార్ కడిగినా మూత లోపలి రబ్బరు రింగుకు ఆ వాసన పట్టుకునే ఉంటుంది. స్ట్రాబెర్రీ వాసన చాలా సుకుమారమైనది, వెల్లుల్లి ముందు నిలవదు. రింగు తీసి విడిగా కడిగి, జార్‌లో గోరువెచ్చని నీళ్లు, పిండేసిన నిమ్మచెక్క వేసి ఒకసారి తిప్పి పారబోసి, తుడిచి ఆరనివ్వండి. వీలైతే తీపి వాటికి ఒక జార్ విడిగా పెట్టుకోవడం ఇంకా మేలు.

ముక్కలనూ ఊరిన రసాన్నీ జార్‌లో వేసి, మీటను వెనక్కి తిప్పి వదులుతూ నాలుగైదు సార్లు ఆపి ఆపి తిప్పండి. గోడలకు అంటుకున్నది గరిటెతో కిందికి తోసి, తక్కువ వేగంలో పది, పదిహేను సెకన్లు తిప్పితే సరి. మెత్తగా రావాలని నిమిషాల తరబడి తిప్పితే గాలి చేరి నురగ కడుతుంది, ఎరుపు కాస్తా పాలిపోయిన గులాబీ రంగుకు మారుతుంది, గింజలు నలిగి వగరు దిగుతుంది. రుచి చూసి పులుపు ఎక్కువనిపిస్తే ఇప్పుడు పంచదార పొడి కలుపుకోండి.

వడకట్టాలా వద్దా అన్నది వాడకాన్ని బట్టి ఉంటుంది. మిల్క్‌షేక్, లస్సీ, పెరుగులోకి అయితే అక్కర్లేదు. కేక్ క్రీమ్‌లోకి, ఐస్‌క్రీమ్ మీద పోయడానికి, చిన్న పిల్లలకు అయితే వడకట్టాలి. టీ వడపోత గిన్నె చాలా ఆలస్యం చేస్తుంది, సన్న కన్నాల స్టీలు జల్లెడ తీసుకోండి. గరిటె వెనుకభాగంతో నొక్కుతూ రుద్దండి, చివర జల్లెడ అడుగున అంటుకున్న చిక్కటి గుజ్జును తప్పక గీరి తీసుకోండి, మంచిదంతా అక్కడే ఉంటుంది. పండు మీద చుక్కల్లా కనిపించే ఆ గింజలు ఒక్కో పండుకు సుమారు రెండు వందలు ఉంటాయి. వృక్షశాస్త్రం ప్రకారం నిజమైన పండ్లు అవే, మనం తినే ఎర్రటి కండ వాటిని మోసే పీఠం మాత్రమే. మిగిలిన పిప్పిని పారేయకుండా ఓట్స్‌లోనో చల్లటి నీళ్లలోనో కలుపుకోవచ్చు. వడకట్టకపోతే ఒకటిన్నర కప్పుకు దగ్గరగా వస్తుంది, వడకడితే కొంత తగ్గుతుంది.

దీన్ని పొయ్యి మీద ఉడికించాలా? తాజా పండు చేతిలో ఉన్నప్పుడు ఉడికించవద్దనే అంటాను. వేడి తగిలితే పచ్చి పండు వాసన పోయి జామ్ వాసన వస్తుంది, విటమిన్ సి కూడా తగ్గుతుంది. ఒక్క క్రీమ్ విషయంలోనే దీనికి మినహాయింపు. గిలక్కొట్టిన క్రీమ్‌లో పచ్చి ప్యూరీ ఎక్కువగా కలిపితే అందులోని నీటికి క్రీమ్ జారిపోతుంది. దానికోసం అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలో సన్నని మంట మీద కలుపుతూ సగానికి సగం ఇంకనిచ్చి, పూర్తిగా చల్లారాక వాడండి. కళాయి లేని ఇత్తడి, ఇనుము, అల్యూమినియం పాత్రలు ఈ పులుపుకు పనికిరావు.

పచ్చి ప్యూరీని వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు బాగుంటుంది. అంతకుమించి కావాలంటే ఫ్రీజరే దారి. ఐస్ ట్రేలో అంచుల దాకా కాకుండా పోయండి, గడ్డకట్టేటప్పుడు పొంగుతుంది. గట్టిపడ్డాక ముక్కలు తీసి, గాలి పిండేసిన జిప్ కవర్‌లో వేసి, తేదీ రాసి పెట్టండి. మూడు నెలల దాకా రంగు, వాసన చెక్కుచెదరవు, చేపలూ మాంసం పెట్టే అరలో మాత్రం ఉంచకండి. కరెంటు పోయి కరిగిపోతే మళ్లీ గడ్డకట్టించవద్దు. ఇంకా చల్లగా ఉంటే ఫ్రిజ్‌లోకి మార్చి ఆ రోజే వాడేయండి, వెచ్చబడి గంటలు గడిస్తే పారేయండి.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఈ పని ఇంకా తేలిక. వేసవి మొదట్లో పండ్లు మనమే కోసుకునే తోటలకు వెళ్లి బుట్టలు నింపుకొచ్చే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. బాగా పండినవి కోసుకుంటారు కనుక పంచదార సగానికి తగ్గించవచ్చు, కానీ అవి త్వరగా పాడవుతాయి, తెచ్చిన రోజే చేసేయాలి.

వాడేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది పాల సంగతి. గ్లాసు చల్లటి పాలకు మూడు టేబుల్ స్పూన్ల ప్యూరీ సరిపోతుంది. పాలు వేడిగా ఉంటే పండు పులుపుకు విరిగిపోతాయి. సేమియా పాయసంలో, కస్టర్డ్‌లో కలపాలన్నా అవి ఫ్రిజ్‌లో చల్లబడ్డాకే కలపండి. గుడ్డలో కట్టి నీరు కార్చిన గట్టి పెరుగులో అయితే ఈ బెడద లేదు. ఫ్రీజర్ నుంచి తీసిన రెండు ముక్కలు వేసి పది నిమిషాలాగి కలిపితే చాలు.