అందరి బరువూ నీ ఒక్కదాని మీదేనా?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం. ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్ లీడర్‌ని. హాస్టల్లో అందరూ కష్టాలు నాకే చెప్పుకుంటారు. నిద్ర పట్టడం లేదు. మానేయనా?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: మానేయొద్దమ్మా, పని పంచు. ఎన్‌ఎస్‌ఎస్ అడిగేది రెండేళ్లలో 240 గంటలు, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. అంటే వారానికి రెండున్నర గంటలు కూడా కాదు. నీ గంటలు డైరీలో రాసి చూడు. మించినవి జూనియర్లకు అప్పగించు, వాళ్లూ నేర్చుకుంటారు.

స్నేహితుల బాధ వినడం మంచి మనసు. వైద్యం మాత్రం నీ పని కాదు. ఎవరైనా ‘బతకాలని లేదు’ అంటే, ఎవరికీ చెప్పనని మాటివ్వకు. ఒంటరిగా వదలకుండా వార్డెన్‌కు వెంటనే చెప్పు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ నంబరు నీక్కూడా తల్లీ. రెండు వారాలైనా నిద్ర కుదరకపోతే డాక్టర్ని కలువు.