చెరలో పుట్టిన పాట
పాఠభాగము: కీర్తన 137, అపొ. కార్య. 16:25

భైంసా చేలలో పత్తి ఏరు చేతులకు ఆ శ్రమ తెలియును. అమెరికా పత్తిచేలలో, జమైకా చెరకుతోటలలో నల్లజాతి దాసులు కొరడా క్రింద పాడిరి. అమెరికాలో గాస్పెల్, జాజ్ సంగీతములకు ఆ పాటలే వేరు. జమైకాలో 1970లో మెలోడియన్స్ అను గాయకులు 137వ కీర్తననే పాటగా కట్టిరి.

1871లో నాష్‌విల్‌లోని ఫిస్క్ విద్యాలయము అప్పులపాలు కాగా, తొమ్మండుగురు గాయకులు నిధి కూర్చుటకు ఊరూర తిరిగిరి. దాసత్వపు పాటలను పరులయెదుట పాడుటకు మొదట వారు జంకిరి. పాడగా ఆ పాటలే విద్యాలయమును నిలిపెను.

బబులోనులో సితారాలు చెట్లకు తగిలించబడెను. ఫిలిప్పీ చెరసాలలో పౌలు సీలలు పాడిరి. మన తల్లులు చేలలో పాడిన బాణీలను మందిరములో పాడుటకు మనము సిగ్గుపడుచున్నామా? ఆలోచించుడి.