నిలబడి చేసే ఉద్యోగంలో ఒంటిని కాపాడుకోవడం

ఆషాఢం డిస్కౌంట్లు మొదలయ్యాయంటే దసరా దాటేదాకా బట్టల షాపుల్లో సేల్స్ చేసేవారికి తీరిక ఉండదు. ఉదయం ఫ్లోర్ మీదికి వచ్చినవారు రాత్రి షట్టర్ దించేదాకా కాళ్ల మీదే ఉంటారు. చాలాచోట్ల కూర్చోవడమంటే పని ఎగ్గొట్టడం కిందే లెక్క. ఇలాంటివారికి రోజూ గంటసేపు వాకింగ్ చేయమని, జిమ్‌కి వెళ్లమని చెప్పి లాభం లేదు. ఇల్లు చేరి, వంట చేసి, పడుకునేసరికే అర్ధరాత్రి అవుతుంది. అందుకే ఇక్కడ చెప్పేవి చాలావరకు డ్యూటీలో ఉండగానే చేసుకోగలిగినవి.

ముందు కాళ్ల సంగతి. పాదాలకు దిగిన రక్తం తిరిగి గుండెకు చేరాలంటే పిక్కల్లోని కండరాలు బిగిసి దాన్ని పైకి నెట్టాలి. పైకెక్కిన రక్తం కిందికి జారకుండా సిరల్లో చిన్న కవాటాలు అడ్డుపడతాయి. నడుస్తున్నంతసేపూ ఇదంతా దానంతటదే జరిగిపోతుంది. కదలకుండా నిలబడితే పిక్కలకు పని ఉండదు, రక్తం కిందే నిలిచిపోతుంది. సాయంత్రానికి పట్టీలు బిగుసుకోవడం, చెప్పు అచ్చు పాదం మీద పడటం అందుకే. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే కవాటాలు పాడై, పిక్కల మీద సిరలు ఉబ్బి మెలికలు తిరగవచ్చు. వేరికోస్ వెయిన్స్ అంటే ఇదే. నిలబడటం ఎలాగూ తప్పదు, కదలకుండా నిలబడటాన్ని మాత్రం తప్పించుకోవచ్చు.

కస్టమర్ రెండు చీరలు పట్టుకుని ఏది తీసుకోవాలో తేల్చుకోలేక ఆలోచిస్తుంటారు కదా, ఆ నిమిషంలో మడమలు ఎత్తి దించండి. పది పదిహేనుసార్లు చాలు. కౌంటర్ వెనక ఉంటారు కాబట్టి ఎవరి కంటా పడదు. బిల్లింగ్ దగ్గర ఒకేచోట నిలబడేవారు అరడుగు ఎత్తు చెక్కపెట్టె ఒకటి కింద పెట్టుకుని, కాసేపు ఒక పాదం, కాసేపు ఇంకో పాదం దాని మీద ఆనిస్తే నడుముకు భారం తగ్గుతుంది. కాళ్ల కింద రబ్బరు మ్యాట్ ఉంటే ఇంకా మంచిది, గట్టి నేల మీద కంటే పాదాలకు సుఖంగా ఉంటుంది. కింది అరలోంచి బండిల్ తీసేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచండి.

చెప్పులు కొనాలంటే సాయంత్రం వెళ్లండి. అప్పటికి పాదం కాస్త వాచి ఉంటుంది, ఆ సైజుకు సరిపోయినవే రోజంతా సుఖంగా ఉంటాయి. కాగితంలా పలచని అడుగున్నవీ, హైహీల్సూ ఈ ఉద్యోగానికి పనికిరావు. ఇంటికి రాగానే పావుగంట వెల్లకిలా పడుకుని, కాళ్లు గోడకు ఆనించి గుండె కంటే ఎత్తులో పెట్టండి. షుగర్ ఉన్నవారు రోజూ అరికాళ్లు చూసుకుని తీరాలి. స్పర్శ తగ్గిన పాదానికి పుండు పడినా తెలియదు. ఒక కాలు మాత్రమే ఉన్నట్టుండి వాచి, నొప్పిగా, వేడిగా అనిపిస్తే అది అలసట అనుకోకండి. సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, ఆరోజే డాక్టరుకు చూపించుకోండి.

నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం నీళ్లది. బాత్రూమ్ ఏ నాలుగో అంతస్తులోనో ఉంటుంది, వెళ్లాలంటే ఫ్లోర్ మేనేజర్‌ని అడగాలి. ఆ ఇబ్బంది పడలేక చాలామంది ఆడవాళ్లు నీళ్లు తాగడమే మానేస్తారు. మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్, మళ్లీ మళ్లీ వచ్చే జ్వరం చాలాసార్లు అక్కడి నుంచే మొదలవుతాయి. సీసా పక్కనే పెట్టుకుని గంటకోసారి కొన్ని గుక్కలు తాగండి. మూత్రం లేత పసుపులో ఉంటే నీళ్లు సరిపోతున్నట్టు, ముదురుగా ఉంటే చాలనట్టు. మూడు నాలుగు గంటలకోసారి వెళ్లిరండి. పక్క కౌంటర్ అమ్మాయితో ముందే మాట్లాడుకుంటే ఒకరు వెళ్లినప్పుడు ఇంకొకరు చూసుకోవచ్చు. నెలసరి రోజుల్లో నాలుగు నుంచి ఆరు గంటలకోసారి ప్యాడ్ మార్చుకోవాలి.

రష్‌లో భోజనం మూడు దాటుతుంది. ఈలోగా ఆకలిని టీతో, సమోసాతో చంపుకోకుండా వేయించిన శనగలో, పల్లీలో, అరటిపండో దగ్గర ఉంచుకోండి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిండిలోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. గంట ఆగి తాగండి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15–49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. నీరసంగా ఉందంటే ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవడం మేలు.

పే స్లిప్‌లో ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కోత ఉందో లేదో చూసుకోండి. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే షాపుల్లో, నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. మీ జీతంలోంచి పోయేది 0.75 శాతమే. దానికి మీకూ మీ కుటుంబానికీ వైద్యం అందుతుంది. చందా నిబంధనలు పూర్తయినవారికి జబ్బు చేసి సెలవు పెడితే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతం వస్తుంది. కార్డు ఉండి కూడా వాడుకోనివారు ఎందరో.

ఇవన్నీ చేసినా కూర్చోవడానికి స్టూలు లేకపోతే సగం కష్టం అలాగే ఉంటుంది. కేరళలోని కోళికోడ్‌లో దర్జీ పని చేసే విజి అనే మహిళ, పెన్‌కూట్టు సంఘంలోని తోటి ఆడవాళ్లతో కలిసి మొదట బాత్రూమ్ కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం ఏళ్లపాటు పోరాడారు. 2018లో కేరళ షాపుల చట్టాన్ని సవరించి ఆ హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా ఇచ్చింది. మీ షాపులోనూ ఫ్లోర్‌కు కొన్ని స్టూళ్లు, దగ్గర్లో శుభ్రమైన బాత్రూమ్ కావాలని అడగండి. ఒక్కరే వెళ్లకండి, ఫ్లోరంతా కలిసి వెళ్లండి.