ఊదుగొట్టం మీద అంకెలు

పొయ్యి ఊదే గొట్టం మీ అందరికీ తెలుసు. నేను చెప్పబోయేది ఇంకో రకం ఊదుగొట్టం గురించి. దీన్ని ఊదితే నిప్పు రాజదు, అంకె వస్తుంది. పేరు పీక్ ఫ్లో మీటరు. మన ఊపిరితిత్తుల్లోంచి గాలి ఎంత జోరుగా బయటికొస్తోందో, నిమిషానికి ఇన్ని లీటర్లు అని చూపిస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళు దీన్ని ఇంట్లోనే వాడుకోవచ్చు. మా తమ్ముడికి ఉబ్బసం. నాలుగో తరగతి, ఊళ్ళోనే చదువుతున్నాడు.

జీవశాస్త్రం పాఠంలో శ్వాసనాళాల బొమ్మ గీశాం కదా, చెట్టును తలకిందులు చేసినట్టు ఉంటుంది. ఉబ్బసంలో ఆ సన్న కొమ్మల లోపలి పొర వాస్తుంది, చుట్టూ ఉన్న కండరం బిగుస్తుంది, జిగురు చేరుతుంది. దారి ఇరుకవుతుంది. లోపలికి పోయిన గాలి బయటికి రావడానికి కష్టపడుతుంది. ఆ చప్పుడే పిల్లికూతలు. కిటుకు ఎక్కడుందంటే, దారి కొంచెం కొంచెంగా ఇరుకవుతుంటే పిల్లవాడికి తెలియదు. అలవాటు పడిపోయి ఆడుకుంటూనే ఉంటాడు. అంకె మాత్రం తగ్గుతుంది. ఆయాసం పట్టుకోవడానికి ఒకటి రెండు రోజుల ముందే తగ్గవచ్చు.

ఊపిరిని కొలవడం కొత్త సంగతి కాదు. ఇంగ్లండులో జాన్ హచిన్సన్ అనే వైద్యుడు 1846లో స్పైరోమీటరు గురించి ప్రకటించాడు. నీళ్ళలో బోర్లించిన డబ్బాలోకి ఊదితే డబ్బా పైకి లేస్తుంది, ఎంత లేచిందో చూసి గాలి లెక్క కట్టేవాడు. నావికులు, పోలీసులు, కుస్తీవాళ్ళు, ఇలా రెండు వేల మందికి పైగా ఊదించి, మనిషి పొడుగును బట్టి ఊపిరి పెరుగుతుందని తేల్చాడు. తరవాత 1959లో మార్టిన్ రైట్, తన తోటి వైద్యుడితో కలిసి పీక్ ఫ్లో మీటరును ప్రకటించాడు. తాగి బండి నడిపేవాళ్ళని పట్టుకునే ఒక రకం మీటరు చేసింది కూడా ఈ రైటే. ఊదించడం అంటే ఆయనకు ఇష్టమేమో!

ఇక వాడే పద్ధతి. ముల్లును సున్నా దగ్గరికి జరపాలి. లేచి నిలబడాలి. గుండె నిండా గాలి పీల్చి, పెదాలు గొట్టం చుట్టూ బిగించి, ఒక్క దెబ్బన ఫట్‌మని ఊదాలి. మెల్లగా పిల్లనగ్రోవి ఊదినట్టు ఊదితే లాభం లేదు. నాలుక అడ్డం పెట్టకూడదు. మూడుసార్లు ఊది అన్నిటికన్నా పెద్ద అంకె రాసుకోవాలి. సగటు తీయకూడదు. లెక్కల్లో సగటు బాగా వచ్చినవాళ్ళు ఇక్కడే పొరబడతారు! పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మందు పీల్చక ముందు.

పక్కవాడి అంకెతో మనకు పని లేదు. ఒంట్లో బాగున్న రోజుల్లో రెండు మూడు వారాలు ఊది, వచ్చినవాటిలో పెద్దదాన్ని మన సొంత గరిష్ఠం అనుకోవాలి. మా తమ్ముడిది 240. అందులో 80 శాతం 192, సగం 120. మీటరు మీద 192కి పైన ఆకుపచ్చ టేపు, 120 నుంచి 192 దాకా పసుపు టేపు, 120కి కింద ఎర్ర టేపు అంటించాను. మా అమ్మకు అంకెలు చదవడం రాదు, రంగులు వచ్చు. క్యాలెండరులో ఏ రోజుకు ఆ రోజు రంగు బొట్టు పెడుతుంది. ఆకుపచ్చ అంటే మామూలుగా ఉండొచ్చు. పసుపు అంటే డాక్టరు రాసిచ్చిన కాగితం ప్రకారం నడవాలి. ఎరుపు అంటే పంపు మందు పీలుస్తూనే ఆసుపత్రికి బయల్దేరాలి. పిల్లవాడు పెరిగే కొద్దీ గరిష్ఠం మారుతుంది, టేపులు కూడా జరపాలి.

పొద్దుటి అంకె, సాయంత్రం అంకె దూరం జరుగుతున్నాయా అన్నది కూడా చూడాలి. ఒక రోజు పొద్దున 190, సాయంత్రం 230 వచ్చింది. తేడా 40. రెండింటి సగటు 210. నలభైని 210తో భాగించి వందతో గుణిస్తే 19 శాతం. ఇట్లా ఒకటి రెండు వారాలు రోజూ లెక్కేసి సగటు తీస్తే, పిల్లల్లో అది 13 శాతం దాటకూడదు. దాటుతోందంటే ఉబ్బసం అదుపులో లేదేమో అని డాక్టరుకు చూపించాలి. (ఇక్కడ మాత్రం సగటు కావాలి!)

మీటరు లేని ఏడాది తమ్ముణ్ణి అర్ధరాత్రి డోలీలో రోడ్డు దాకా మోశారు. పెదాలు నీలంగా అయిపోయాయని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. మీటరు వచ్చాక పోయిన చలికాలంలో మళ్ళీ అదే మంచు. అమ్మ సిగ్నల్ అందే బండ మీదికి ఎక్కి మా మాస్టారి ఫోనుకు చేసింది. "ఆడుకుంటున్నాడు గాని పాపా, నిన్నటి నుంచి పసుపులోనే ఆగుతోంది" అంది. కాగితంలో ఏం రాసుందో నేను చదివి చెప్పాను. నీలం పంపు పీల్చాక కాసేపు ఆకుపచ్చలోకి వచ్చి, సాయంత్రానికి మళ్ళీ దిగింది. మర్నాడు సంత జీపులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పగటిపూట, కూర్చుని వెళ్ళాడు.

అక్కడ డాక్టరుగారు అమ్మకు ఫోనుతో పనిచేసే స్పైరోమీటరు చూపించారట. సెలవుల్లో వెళ్ళినప్పుడు నేనూ చూశాను. గుప్పిట్లో పట్టేంత ఉంది. కొన్నిటి లోపల చిన్న చక్రం తిరుగుతుంది, దాని రెక్క కంటికి కనపడని వెలుతురుకు అడ్డం వచ్చిన ప్రతిసారీ లెక్క పడుతుంది. కొన్నిటిలో గాలి తోసే ఒత్తిడిలో తేడాను కొలుస్తారు. ఇందులో ఊపిరంతా ఖాళీ అయ్యేదాకా ఊదాలి. మొత్తం గాలి ఎంత, మొదటి సెకండులోనే వచ్చినది ఎంత అని చెబుతుంది. బ్లూటూత్ అంటే రేడియో అలలే, కనుక ఆ అంకె ఫోనులోకి చేరడానికి సిగ్నల్ అక్కర్లేదు. ఫోనులోంచి డాక్టరుకు చేరడానికే కావాలి. మన దేశంలో సిప్లా కంపెనీ 2021లో స్పైరోఫై అనే వైర్‌లెస్ స్పైరోమీటరును తెచ్చింది. పంపు మందుకు తొడిగే మూతలు కూడా ఉన్నాయి, ఏ రోజు ఎన్ని గంటలకు పీల్చారో అవే గుర్తుపెట్టుకుంటాయి. చేత్తో రాసే పుస్తకాల్లో చాలామంది ఊదకుండానే అంకెలు నింపుతారని పరిశోధకులు ఎలక్ట్రానిక్ మీటర్లతో పట్టుకున్నారు. మన హాస్టల్లో కాపీ రైటింగు ఎలా నింపుతామో గుర్తు తెచ్చుకోండి.

అయినా వేల రూపాయలు పెట్టి అది కొనేకన్నా, వందల్లో దొరికే మామూలు గొట్టం, మూడు టేపులు మా ఊరికి ప్రస్తుతం మేలని నా అభిప్రాయం. ఎందుకంటే ఫోనులోకి చేరిన అంకెను ఆ రోజే చూసేవాళ్ళు అవతల ఉండాలి కదా. మా ఇంట్లో అమ్మ చూస్తోంది.

కరోనా రోజుల్లో వేలికి పెట్టిన ఆక్సీమీటరు చాలదా అని కొందరు అడిగారు. చాలదు. అది రక్తంలో ఆక్సిజన్ చూస్తుంది. ఉబ్బసం ముదిరేదాకా అక్కడ అంకె బాగానే ఉండొచ్చు. పైగా నల్లటి చర్మం ఉన్నవాళ్ళకు కొన్నిసార్లు అసలు కన్నా ఎక్కువ చూపిస్తుందని 2020లో అమెరికా వైద్యులు ప్రకటించారు. గోళ్ళ రంగు ఉన్నా తప్పు చూపించవచ్చు.

చేప మందు వేయించుకున్నవాళ్ళు కూడా పంపు మందు ఆపకుండా, ముందూ వెనకా మీటరు ఊది చూడండి. రెండు వారాలు దాటిన దగ్గుకు మాత్రం ఈ మీటరు పనికిరాదు, కళ్ళె పరీక్ష చేయించాలి. ఒకరి నోటి గొట్టం ఇంకొకరు ఊదకూడదు.

పొయ్యి పొగ గురించి ఒక మాట. ఇళ్ళలో పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మా నాన్న పొయ్యిని వసారాలోకి మార్చాడు. ఆ నెల క్యాలెండరులో పసుపు బొట్లు నాలుగే. అంతకు ముందు నెల పదకొండు. అది పొయ్యి వల్లో, చలి తగ్గినందువల్లో చెప్పలేను. వచ్చే చలికాలం బొట్లు కూడా లెక్కపెట్టి ఇక్కడే రాస్తాను. గ్రాఫు గీసుకోవాలనుకునేవాళ్ళకి గళ్ళ కాగితాలు లెక్కల మాస్టారి దగ్గర ఉన్నాయి.