పాత లారీలో బ్రేకు దీపము వెలుగనిచో: దోషమును కనుగొను క్రమము

నిర్మల్ నుండి ఆదిలాబాద్‌కు పోవు దారిలో మహబూబ్ ఘాట్ ఎక్కి దిగు లారీలను, రామగుండం, మంచిర్యాల ప్రాంతముల బొగ్గు లారీలను మనము నిత్యము చూచుచున్నాము. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు సాగును. ముందు లారీ బ్రేకు వేసిన సంగతి వెనుక డ్రైవరుకు ఒక సెకను ఆలస్యముగా తెలిసినచో ఆ 17 మీటర్లు అతనికి దక్కవు. అందుచేతనే 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములు బండి వెనుక బ్రేకు దీపము ఉండవలెనని విధించినవి.

ఈ దీపమును వెలిగించు స్విచ్చి పాత లారీలలో మూడు విధములు. మొదటిది పెడలు కదలికతో పనిచేయునది. రెండవది బ్రేకు ఆయిలు ఒత్తిడితోను, మూడవది గాలి ఒత్తిడితోను పనిచేయును. విధము ఏదైనను పని ఒక్కటే: పెడలు తొక్కగానే బ్యాటరీ కరెంటును దీపమునకు చేర్చుట.

పరీక్షకు ముందు బండిని చదునైన నేలపై నిలిపి, ఇంజను ఆపి, చక్రములకు అడ్డు పెట్టవలెను. ఒకరు పెడలు తొక్కుచుండగా మరియొకరు వెనుక నిలిచి చూడవలెను.

ఒక ప్రక్క దీపము మాత్రమే వెలుగనిచో స్విచ్చి మంచిదే. అచటి బల్బును చూడవలెను. సాధారణముగా ఒకే బల్బులో 5 వాట్ల తోక దీపపు తీగ, 21 వాట్ల బ్రేకు తీగ వేరువేరుగా నుండును. కావున తోక దీపము వెలిగినంత మాత్రమున బ్రేకు తీగ బాగున్నదని తలపరాదు. పెడలు తొక్కినప్పుడు ఇతర దీపములు మసకగా వెలిగినచో ఎర్త్ చెడినదని గ్రహించి, తుప్పును గీకి శుభ్రము చేయవలెను.

రెండు ప్రక్కలా వెలుగనిచో మొదట ఫ్యూజును చూడవలెను. 21 వాట్ల బల్బులు రెండు కలిసి 12 వోల్టుల బండిలో 3.5 ఆంపియర్లు, 24 వోల్టుల బండిలో 1.75 ఆంపియర్లు తీసికొనును. ఫ్యూజు మరల మరల కాలినచో లావు తీగ చుట్టుట ప్రమాదకరము. తీగ ఛాసిస్‌కు రాసికొని తొడుగు చిరిగిన చోటును వెదకవలెను.

ఫ్యూజు బాగున్నచో టెస్టు ల్యాంపుతో స్విచ్చికి వచ్చు తీగను పరీక్షింపవలెను. అచట కరెంటు లేనిచో ఫ్యూజుకు, స్విచ్చికి నడుమ తీగ తెగినది. కరెంటు ఉన్నచో స్విచ్చి రెండు కొనలను చిన్న తీగతో క్షణకాలము కలుపవలెను. దీపము వెలిగినచో చెడినది స్విచ్చియే. వెలుగనిచో లోపము వెనుకకు పోవు తీగలో నున్నది.

పెడలు వదలినను దీపము ఆరనిచో పెడలు స్ప్రింగు సడలినదో, స్విచ్చి అమరిక తప్పినదో, లోపలి కొనలు అంటుకొన్నవో చూడవలెను. ఎల్లప్పుడు వెలుగు దీపము వెనుక డ్రైవరుకు ఏ వార్తయు తెలుపదు.

ఆయిలు స్విచ్చిని మార్చినప్పుడు గొట్టములో గాలి చేరును. ఆ గాలిని పూర్తిగా తీయక బండిని కదల్పరాదు. గాలి స్విచ్చిని విప్పుటకు ముందు ట్యాంకులోని గాలిని వదలవలెను. గాలి తగ్గినదని హెచ్చరించు స్విచ్చి దీనికి భిన్నమైనది. ఒత్తిడి పడిపోయినప్పుడే అది కలిసి దీపమునో బజరునో పనిచేయించును. బజరు విసిగించుచున్నదని దాని తీగను తెంపుట ప్రాణాంతకము.

కొత్త లారీలలో పెడలు స్విచ్చి కంప్యూటరుకును వార్త పంపును. చక్రముల వద్ద వేగపు సెన్సార్లు ఉండును. అచటను ఇదే క్రమము: సెన్సారును మార్చుటకు ముందు తీగ, కనెక్టరు, ఎర్త్ చూడవలెను.

మోటారు పని నేర్వగోరు విద్యార్థి మొదట అలవరచుకొనవలసినది ఈ క్రమమే. సామాను ఒకదాని వెంట ఒకటి మార్చువానికి ఖర్చు పెరుగును, కారణము తెలియదు. వరుసగా పరీక్షించువాడు మంచి ఉస్తాద్ అనిపించుకొనును. అతడు సరిచేసిన లారీ వెనుక వచ్చువారు క్షేమముగా ఇల్లు చేరుదురు.