దక్షిణామూర్తి పటము - గురుదర్శనము

ఓరుగల్లు గృహములలో దక్షిణామూర్తి వర్ణపటము గోడపై వ్రేలాడుచుండుట మనమెరిగినదే. పూర్వమిట్టి చిత్రమును చూడవలెనన్న లేపాక్షి వీరభద్రాలయము వంటి చోటికేగి కప్పువైపు తలయెత్తవలసియుండెను. 1894లో రవివర్మ బొంబాయిలో ముద్రణాలయము నెలకొల్పిన పిమ్మట దేవతారూపములు రంగుల అచ్చులో ఇంటింటికిని చేరసాగెను.

ఈ పటమునందు శివుడు ఉపాధ్యాయుడు. మఱ్ఱిచెట్టు నీడ, పాదము క్రింద అణగియున్న అపస్మారుడు. వానిని స్వామి చంపలేదు, లేవనీయక అదిమిపెట్టినాడు. అజ్ఞానమట్టిదే గదా! గురువు యువకుడు, ఎదుట కూర్చున్న మునులు వృద్ధులు. ఆయన పెదవి కదపడు. బొటనవ్రేలును చూపుడువ్రేలును కలిసిన చిన్ముద్రయే పాఠము. నేటి అచ్చుపటములలో మంచుకొండలు, లేళ్లు, కాంతివలయములు మిక్కుటమై చూపు ఆ చేతిపై నిలువకున్నది. ఇది మాకు లోపముగనే తోచును.

కంట చూడని వారికి రూపమిచ్చుట చిత్రకారునికి చెల్లును. నాటి వరంగల్లు జిల్లా పెనుగొండలో 1924లో జన్మించి, శాంతినికేతనమున విద్య నేర్చిన కొండపల్లి శేషగిరిరావుగారు బమ్మెర పోతనను అట్లే ఊహించి చిత్రించిరి. బమ్మెరకు చేరువనున్న పాలకుర్తి మన సోమనాథుని ఊరు. ఆయన బసవపురాణమును చదువువారికి భక్తుల రూపములు పటము లేకయే కన్నుల గట్టును.

ఇక మన ప్రశ్న: ఈ పటము గురువగునా? అష్టావరణములలో గురువు మొదటివాడు, లింగము తరువాతిది. వేధాదీక్షలో గురువు శిరస్సుపై హస్తముంచును. మంత్రదీక్షలో చెవియందు పంచాక్షరి నుపదేశించును. క్రియాదీక్షలో అరచేత ఇష్టలింగమునుంచును. పటములోని చేయి ఎంత చక్కనిదైనను ఈ మూడింటిలో ఒక్కటియు చేయజాలదు. అయినను పటమునకు నిత్యము పుష్పమాల వేసి, మెడలోని లింగమును పండుగనాడు మాత్రమే తలచుకొను ఇండ్లున్నవి. అట్టి ఇంట పెరుగు బాలునికి గురువన గోడమీది బొమ్మయే యగును.

పటమును తీసివేయ నక్కరలేదు. దక్షిణముఖుడైన ఆ స్వామి యెదుట నిలిచినవాడు శిష్యుని చోటనే నిలిచినట్లు. సాయంకాలము బాలుని అచట కూర్చుండబెట్టి, ఆ చిన్ముద్రను చూపి, మునులు ఏల మాటాడకున్నారో చెప్పుడు. అతడు దీక్ష పొందినవాడైనచో, పిదప ఎడమ అరచేత లింగమునుంచుకొని చూపు దానిపై నిలుపుమనుడు. పొందనివాడైనచో, మఠమునకు ఎప్పుడు పోవుదమని అతడే అడుగును.