కాలవ గట్టున ముప్ఫై ఐదేళ్ళు

మొన్న మా మేనల్లుడు స్వీట్ల డబ్బాతో వచ్చాడు. సౌదీలో జుబైల్ వీసా చేతికొచ్చిందట. "మావయ్యా, అక్కడ ఎలా మసలాలో నాలుగు ముక్కలు చెప్పు" అన్నాడు. నేను 1983లో బొంబాయి మీదుగా దహ్రాన్‌లో దిగి, 2018లో ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని రాజోలు చేరినవాణ్ణి. నాలుగు ముక్కలతో తేలేది కాదని కాగితం మీద పెడుతున్నాను. వాడిలాంటివాళ్ళు మా కోనసీమలో వీధికొకరు ఉన్నారు కదా.

1. కొత్త ఊళ్ళో దిగగానే పాత ఊరెక్కడుందో అడుగు. దమ్మాముకి ఉత్తరాన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, సముద్రపుటొడ్డున ఉన్న జుబైల్ ఒకప్పుడు చేపలు పట్టుకునే, ముత్యాల కోసం మునిగే పల్లె. చమురు వెతకడానికి వచ్చిన అమెరికా భూగర్భ శాస్త్రవేత్తలు 1933 సెప్టెంబరులో మొదట కాలుపెట్టింది ఆ రేవులోనే. జపాను పెంపకపు ముత్యాలు అప్పటికే ఆ పల్లెవాళ్ళ ముత్యాల బేరం మీద దెబ్బకొట్టాయి. 1975లో రాయల్ కమిషన్ ఏర్పాటయ్యాక పక్కనే పరిశ్రమల నగరం లేచింది, ఒకటికి రెండు ఓడరేవులు వచ్చాయి. పాత పల్లెని మాత్రం అందరూ 'బలద్' అనే అంటారు. శుక్రవారం మధ్యాహ్నం మలబారువాడి హోటలూ, మన కూరగాయలూ, మన మాటా దొరికేది అక్కడే. చేపల బజారుకి వెళ్తే హామూరు, కనద్ (మన వంజరం) కుప్పలుగా ఉంటాయి. పులస కోసం వెతక్కు. బస్రా దగ్గర షత్ అల్ అరబ్ నదిలోకి ఎదురీదే సబూర్ అదే జాతి చేప. జుబైల్‌లో మరి ఎదురీదడానికి నది ఏదీ?

2. నది లేదన్నాను గానీ కాలవ ఉంది. నాకు బాగా అలవాటైంది అదే. సముద్రపు నీటిని పెద్ద పెద్ద పంపులతో తోడి, తెరిచిన కాలవలోకి వదులుతారు. గట్లు మన గోదావరి కాలవ గట్లలాగే ఏటవాలుగా ఉంటాయి, చెట్లొక్కటే ఉండవు. ఆ నీళ్ళు కర్మాగారాల్లో యంత్రాలను చల్లబరిచి, వేడెక్కి, ఇంకో కాలవ గుండా మళ్ళీ సముద్రంలో కలుస్తాయి. నేను చేరిన మొదటి శీతాకాలం, డ్యూటీ దిగి ఆ గట్టు మీద కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టాను. ఉప్పటి జిడ్డు, చారు గిన్నె పక్కన చెయ్యి పెట్టినట్టు గోరువెచ్చన. దోసిలితో ఎత్తినా తాగడానికి లేదు, పొలానికి పారించడానికీ లేదు. మరి తాగే నీళ్ళేవీ అంటే, అదే సముద్రంలో ఉప్పు తీసినవి. జుబైల్ నుంచి పైపుల్లో ఆ నీళ్ళు నాలుగొందల కిలోమీటర్లకు పైగా వెళ్తాయి, సముద్ర మట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్న రియాద్‌కి. కుళాయి వదిలేసి పళ్ళు తోముకోవడం నేనక్కడే మానేశాను. ఇక్కడికొచ్చాక మా ఇంట్లో ఎవరూ ఆ మాట వినరు, అది వేరే సంగతి.

3. గాలి ఎటునుంచి వస్తోందో చూడు. నా లెక్కలో ఇది అన్నిటికంటే పెద్ద పాఠం. ఆ దేశంలో వాయవ్యం నుంచి షమాల్ గాలి వీస్తుంది. అందుకే నగరం గీసినవాళ్ళు ఇళ్ళను ఉత్తరాన, కర్మాగారాలను దక్షిణాన పెట్టారు. పొగ ఇళ్ళ మీదికి రాదు. నాకు పిల్లలతో కాపురం పెట్టే యోగం వచ్చాక ఆ గీత విలువ తెలిసింది. అదే సమయంలో ఇంటి దగ్గరేం జరుగుతోంది? 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి ఎగజిమ్మి 65 రోజులు మండింది. మా అమ్మ ఉత్తరం రాయించింది, రాత్రిళ్ళు దీపం లేకుండా పెరట్లో తిరుగుతున్నామని. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలి ఇళ్ళకిళ్ళే అంటుకున్నాయి. అక్కడా చమురే, ఇక్కడా చమురే. అక్కడ ముందు గీత గీసి తర్వాత ఇల్లు కట్టారు. మనకి ఇల్లు ముందే ఉంది, పైపు దాని పక్కనుంచి వెళ్ళింది.

4. పనిలో దిగినవాడికి గాలి సంగతి ఇంకా అవసరం. ప్లాంటులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కొంచెమైతే కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారిపోతుంది, వాసన పోయిందని నువ్వు ఊపిరి పీల్చుకుంటావు. షట్‌డౌన్ పనులప్పుడు రెండేసి షిఫ్టుల్లో వందలమంది దిగుతారు, అందరికీ తొందరే. గ్యాస్ టెస్టు కాకుండా, పర్మిట్ మీద సంతకం పడకుండా, ముదీర్ (మేనేజరు) కాదు కదా ఎవరు తోసినా వెసెల్‌లోకి తల పెట్టొద్దు. సైరన్ మోగితే గేటు వైపు పరిగెత్తకు. స్తంభం మీది గాలిసంచి చూడు, గాలికి అడ్డంగా నడిచి తప్పుకుని, ఎదురు వైపుకి వెళ్ళు. ఆ గ్యాస్ గాలికంటే బరువు, పల్లంలో కూర్చుంటుంది.

5. కాగితాలు. నా మొదటి కంపెనీ, పేరెందుకులే, ఐదు నెలలు జీతం ఆపింది. ఏజెంటు ఇక్కడ చూపించిన జీతం వేరు, అక్కడ అరబ్బీలో సంతకం పెట్టింది వేరు. ఇప్పుడు మన ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో ఏజెంటు లైసెన్సు చూసుకోవచ్చు, అక్కడి ప్రభుత్వ వెబ్‌సైటు కివాలో ఒప్పందం కనిపిస్తుంది. ఇకామా (నివాస అనుమతి కార్డు) ఫొటో మీ ఆవిడ ఫోన్లో కూడా ఉండాలి.

6. యుద్ధం ఎవరిదైనా నీళ్ళు అందరివి. గల్ఫ్ యుద్ధంలో, 1991 జనవరిలో కువైట్ వైపు నుంచి మొదలైన చమురు తెట్టు సముద్రం మీద తేలుతూ జుబైల్ వైపు వచ్చింది. ఉప్పు తీసే ప్లాంటు నోటి దగ్గర తేలే అడ్డుకట్టలు కట్టారు. అవి తెగితే మా అందరి దాహం సంగతేంటని క్యాంపులో రాత్రంతా మాటలే. ఫిబ్రవరిలో స్కడ్ క్షిపణి ఒకటి రేవు దగ్గర నీళ్ళలో పడింది. పేలలేదు. ఒడ్డున నల్లగా తడిసిన నీటికాకులు రెక్కలు విప్పలేక నిలబడ్డాయి. అవి ఇప్పటికీ కళ్ళకి కడతాయి.

7. ఫ్యామిలీని తీసుకెళ్ళే ముందు లెక్క వేసుకో. 2017 జులై నుంచి ఇంటి మనిషికి నెలకు 100 రియాళ్ళ ఫీజు పెట్టారు, ఏటా 100 పెంచి 2020కి 400 చేశారు. ఇద్దరు పిల్లలూ ఆవిడా అంటే ఎంతో వేసుకో. మా బిల్డింగులో ఒక్క ఏడాదిలో మెట్ల దగ్గర చెప్పుల వరస సగమైంది. బలద్‌లో వాడిన ఫ్రిజ్‌లు, సోఫాలు అడిగేవాడు లేక వీధిలో పడి ఉండేవి. మేమూ వాటిలో కొన్ని పడేసే వచ్చాం.

ఇవన్నీ చదివి వినిపిస్తే వాడు ఫోన్ చూసుకుంటూనే ఊఁ కొట్టాడు. చీకటి పడుతుంటే ఇద్దరం వశిష్ఠ గోదావరి గట్టు మీదికి నడిచాం. కొబ్బరితోట అంచున గ్యాస్ పైపు గుర్తు పలక, దానికి ఎవరో గేదెను కట్టేశారు. మేనల్లుడు పలకని చూసి, తలెత్తి కొబ్బరి మట్టల వైపు చూశాడు.

"తూర్పు గాలి, మావయ్యా" అన్నాడు.